బిల్లులో రాయని పని: బల్లార్‌పూర్, రాజురా, గడ్‌చాందూర్ లారీ యజమానులకు, షెడ్డు సేట్లకు బహిరంగ లేఖ

సేట్లకు, డ్రైవర్ అన్నలకు, నాలాంటి మేస్త్రీలకు నమస్కారం.

నేను మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో ఇంజన్ మేస్త్రిని. మా నాన్న మంచిర్యాల వైపు నుంచి వర్ధా నది దాటి ఇటు బొగ్గు గని పనికి వచ్చాడు. నేను గనిలోకి దిగలేదు, షెడ్డులో చేరాను. 34 ఏళ్లయింది. మొదటి రెండేళ్లు నా చేతికి పానా ఇవ్వలేదు. ట్రేలో డీజిల్ పోసి, ముందు సామాను కుప్ప పెట్టి, ‘కడుగు’ అన్నారు. ఎట్లా కడగాలో ఎవరూ చెప్పలేదు. అది చెప్పాల్సినంత పని అని ఎవరూ అనుకోలేదు కూడా.

ఈ లేఖ తెలుగులో ఎందుకంటే, మన షెడ్లలో సగం మందిమి ఆ భాష వాళ్లమే. రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే కదా, 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిపారు. ఇప్పటికీ ఇక్కడ బిల్లు మరాఠీలో రాస్తాం, బేరం హిందీలో చేస్తాం, బోల్టు విరిగితే తెలుగులో తిడతాం.

ఆ బిల్లు గురించే నా మాట. ఇంజన్ పని చేసిన బిల్లు ఏదైనా ఒకటి తీసి చూడండి. లైనర్ సెట్టు, రింగులు, మెయిన్ బేరింగులు, గాస్కెట్ కిట్టు, ఆయిల్, లేత్ పని, చివర లేబర్. కడుగుడు అన్న మాట ఎక్కడా ఉండదు. ఇంజన్ దింపి మళ్లీ ఎక్కించేదాకా పట్టే గంటల్లో మూడో వంతు కడగడానికే పోవాలి. ఆ పనికి బిల్లులో పైసా లేదు. పైసా లేదు కాబట్టి టైం లేదు. టైం లేదు కాబట్టి అది షెడ్డులో అందరికన్నా చిన్న పిల్లవాడి చేతికి పోతుంది. లారీ మీద ‘క్లీనర్’ అని ఒక ఉద్యోగమే పెట్టుకున్నాం గానీ, క్లీన్ చేయడం ఎట్లాగో అతనికీ నేర్పలేదు.

నా తప్పు ఒకటి ముందు చెప్పుకోవాలి. పదకొండేళ్ల కిందటి సంగతి. బొగ్గు తోలే టిప్పర్, ఆరు సిలిండర్ల ఇంజన్. బ్లాకు ముఖం మీద పాత గాస్కెట్ (రెండు ముఖాల మధ్య కారకుండా పెట్టే పలచటి పొర) అతుక్కుని ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్ది మెరిపించాను. తర్వాత డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, బిగించి ఇచ్చాను. బండి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయి వాపసు వచ్చింది. ఇంజన్ కింది ఆయిల్ ఛాంబర్ విప్పితే మెయిన్ బేరింగులు గీతలు గీతలుగా లేచిపోయి ఉన్నాయి. క్రాంక్ (ఆ బేరింగుల మీద తిరిగే ఇరుసు) ఆయిల్ రంధ్రంలో వేలు పెడితే బూడిద రంగు గరుకు పొడి అంటింది. ఎమరీ పొడి. ఇనుమును అరగదీసేంత గట్టిది. బేరింగ్ పై పొర మెత్తన, పొడి అందులో దిగి కూర్చుంటుంది. కూర్చున్నాక అది బేరింగ్ కాదు, సానరాయి. క్రాంక్‌ను తిరిగినన్ని సార్లు గీస్తుంది.

స్పేర్ నకిలీదని ఓనర్ అన్నాడు. డ్రైవర్ ఆయిల్ చూసుకోలేదని స్పేర్ షాపు వాడన్నాడు. నేనేమీ అనలేదు. క్రాంక్ గ్రైండింగ్ ఖర్చు ఓనరే పెట్టుకున్నాడు. ఆయన ఈ లేఖ చదువుతుంటే, అన్నా, తప్పు నాది.

ఆ రోజు నుంచి ఎమరీని ఇంజన్ దగ్గరికి రానివ్వను. గాస్కెట్ గీకడానికి చెక్క ముక్కో, ప్లాస్టిక్ గీకుడు పలకో వాడతాను. తప్పనిసరి అయితే ఆయిల్ రంధ్రాలన్నీ మూసి, వేరే చోట పెట్టి రుద్దుతాను. గరుకు ప్యాడ్లు గాలి మిషన్‌కు తగిలించి రుద్దేవాళ్లను ఈ మధ్య చూస్తున్నాను. పని గబగబా అవుతుంది, ముఖం అద్దంలా మెరుస్తుంది. ఆ ప్యాడ్‌లో ఉండేదీ అదే జాతి పొడి, తమ్ముడూ.

హోనింగ్ చేసిన లైనర్, అంటే రాయితో లోపల సన్న గీతలు పెట్టిన సిలిండర్ గొట్టం విషయంలో మనందరిదీ ఒకటే పొరపాటు, డీజిల్‌తో తుడిచేస్తాం. డీజిల్ జిడ్డును కరిగిస్తుంది గానీ, గీతల్లో ఇరుక్కున్న రాయి పొడిని బయటికి లాగదు. దానికి వేడి నీళ్లు, సబ్బు, గట్టి నైలాన్ బ్రష్ కావాలి. బట్టలు ఉతికినట్టు రుద్దాలి. తర్వాత ఆరబెట్టి, తెల్ల గుడ్డకు ఇంజన్ ఆయిల్ రాసి లోపల తుడవాలి. గుడ్డ బూడిద రంగుకు తిరిగితే మళ్లీ మొదటి నుంచి. తెల్లగా వచ్చేదాకా ఆగకూడదు. నీళ్లు తగిలిన ఇనుము గంటల్లో తుప్పు పడుతుంది, అందుకే ఆరిన వెంటనే ఆయిల్ పూయాలి. ఇంజన్‌కు నీళ్లు తగలకూడదని మన ఉస్తాదులు భయపెట్టారు. ఆరబెట్టే ఓపిక లేనివాళ్ల భయం అది.

ఇప్పుడు ట్రే సంగతి. ఒకటే ట్రే, ఒకటే డీజిల్. పొద్దున హౌసింగ్ (గేర్లు కూర్చునే పెట్టె) కడుగుతాం, మధ్యాహ్నం గేర్లు, సాయంత్రం బేరింగ్. హౌసింగ్‌లోంచి రాలిన ఇనుప రజను, మట్టి అంతా ట్రే అడుగున కూర్చుని ఉంటుంది. అందులోనే బేరింగ్‌ను ముంచి గిరగిరా తిప్పుతాం. అది కడగడమా, మట్టి ఎక్కించడమా? వరస తిరగేస్తే సగం బాధ పోతుంది: శుభ్రమైన సామాను ముందు, జిడ్డు సామాను చివర. బేరింగ్‌కు మూడు ట్రేలు కావాలి. మొదటి దాంట్లో పాత గ్రీజు వదలాలి, రెండో దాంట్లో కడగాలి, మూడో దాంట్లో వడగట్టిన శుభ్రమైన కిరసనాయిలో, దానికోసమే అమ్మే ద్రవమో పోసి ఒక్కసారి ముంచి తీయాలి. మూడోది మురికైతే అది రేపటి రెండోది అవుతుంది, రెండోది మొదటిది. ఇందులో అదనపు ఖర్చు దాదాపు లేదు.

కడిగిన బేరింగ్‌కు గాలి కొట్టి ‘జుయ్’మని తిప్పే సరదా ప్రతి షెడ్డులోనూ ఉంది. నేనూ చేశాను. నూనె చుక్క లేకుండా అంత వేగంగా తిరిగితే రోలర్లు, ట్రాకు గీసుకుపోతాయి. రోలర్లను పట్టి ఉంచే కేజ్ విడిపోతే ముక్కలు తూటాల్లా మొహం మీదికి వస్తాయి. బేరింగ్‌ను చేత్తో పట్టుకుని, తిరగనివ్వకుండా, పక్క నుంచి మెల్లగా గాలి పట్టాలి. కాటన్ వేస్ట్‌తో తుడవకూడదు, నూలు పోగులు లోపల ఉండిపోతాయి. ఆరగానే గ్రీజు కూరి, కాగితంలో చుట్టి పెట్టాలి. మన ఊళ్లో విప్పి పెట్టిన బేరింగ్ అన్నం తిని వచ్చేలోపే దుమ్ము పడుతుంది.

దుమ్ము అంటే మన దగ్గర ఒక రకం కాదు. పూణేలోనో, హైదరాబాద్‌లోనో మేస్త్రికి లేని తలనొప్పి ఇది. సాస్తి, పవని గనుల నుంచి వచ్చే బండికి బొగ్గు పొడి. గడ్‌చాందూర్ వైపు బండికి సిమెంటు. 2920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ నుంచి బూడిద తోలే బల్కర్‌కు ఫ్లైయాష్. మూడింటినీ ఒకే పైపుతో కడుగుతున్నాం.

బొగ్గు పొడి గ్రీజులో కలిస్తే నల్లటి ముద్ద అవుతుంది. చల్లటి నీళ్లు ఎంత కొట్టినా జారిపోతాయి తప్ప అది వదలదు. ముందు గీకి తీసి, వేడి నీళ్లు, డీగ్రీజర్ పట్టించి, కాసేపు నాననివ్వాలి. సిమెంటు దీనికి పూర్తిగా ఉల్టా. దాని మీద ముందే నీళ్లు కొడితే రేడియేటర్ జాలీలోనే ప్లాస్టరింగ్ చేసినట్టు. పొడిగా ఉన్నప్పుడే బ్రష్‌తో, వాక్యూమ్‌తో తీయాలి, నీళ్లు చివర. తడి సిమెంటు చేతి చర్మాన్ని తింటుంది, అల్యూమినియాన్నీ తింటుంది. ఫ్లైయాష్ కంటికి పౌడర్‌లా మెత్తగా కనిపిస్తుంది గానీ అరగదీయడంలో అదే మొండిది. ఇంజన్‌కు అది పోయే దారి ఎయిర్ ఫిల్టర్. ఫిల్టర్‌కు బయటి నుంచి గాలి కొడితే దుమ్మును కాగితంలోకి ఇంకా లోపలికి తోసినట్టే. లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టి, తర్వాత లోపల బల్బు పెట్టి చూడాలి. వెలుతురు చుక్కలా కనిపిస్తే కాగితానికి రంధ్రం పడ్డట్టే. లోపల ఉండే రెండో చిన్న ఫిల్టర్‌ను కడగరు, ఊదరు, మారుస్తారు. రేడియేటర్‌కూ ఇదే న్యాయం: ఇంజన్ వైపు నుంచి ముందుకు, మెల్లటి నీళ్లతో. ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టి, రెక్కలు వంచేసి, బండి వేడెక్కుతోందని నా దగ్గరికే తెచ్చినవాళ్లు ఉన్నారు.

డీజిల్ తగలకూడని చోట్లు కూడా చెప్పాలి. బ్రేక్ లైనర్‌కు డీజిల్ వాసన కూడా చూపించకూడదు. జిడ్డు ఎక్కిన లైనర్ పట్టు వదిలేస్తుంది. కొత్త డ్రమ్ముకు తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు నూనె పూసి పంపుతారు, అది తుడవకుండా బిగిస్తే లైనర్ మొదటి రోజే పాడు. క్లచ్ మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ కప్పులకు డీజిల్, పెట్రోల్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. వాటిని అందులో పోసే బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. డ్రమ్ములో దుమ్ముకు గాలి కొట్టవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఇప్పుడు కొన్న లైనర్‌లో ఏముందో కంటితో చూసి ఎవరు చెప్పగలరు? తడి గుడ్డతో తుడవండి, పది నిమిషాల పని.

అల్యూమినియం సామానును కాస్టిక్ సోడా డ్రమ్ములో వేసే పద్ధతి కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. ఇనుప హెడ్డుకు, బ్లాకుకు కాస్టిక్ పనిచేస్తుంది, కాదనను. అల్యూమినియం పిస్టన్‌నో, గేర్ బాక్స్ కేసింగ్‌నో వేస్తే బుసబుసా పొంగుతుంది. ఆ బుడగలు హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. మెటల్ కరిగి గుంటలు పడుతుంది. మురికి పోవడం నిజమే, దాంతోపాటు పిస్టన్ కూడా పోతుంది.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్ల సంగతి ఇంకా సున్నితం. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌లో సూదికీ దాని గుంటకీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం అరవై, డెబ్భై మైక్రాన్లు ఉంటుంది. అంత సందులోకి పోయే సామానును మనం బనియన్ గుడ్డతో తుడుస్తున్నాం! నాజిల్‌కు పోయే డీజిల్ పైపు విప్పే ముందే చుట్టుపక్కల కడగాలి, విప్పగానే రెండు మూతులకూ క్యాప్ పెట్టాలి. మిగతాది పంపు షాపు వాళ్ల అల్ట్రాసోనిక్ తొట్టికి వదిలేయడమే మంచిది. ఈ బండ్లలో పొగ శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రవం కారి తెల్లగా గడ్డకట్టిన చోట గోరువెచ్చటి నీళ్లు చాలు, స్క్రూడ్రైవర్ పెట్టి పొడవొద్దు. యూరియా ట్యాంకులో డీజిల్ చేతితో వేలు పెట్టినా ఖర్చు మీదే.

ఒక మాట సేట్లు బాగా వినాలి. కడగడం అందం కోసం కాదు, చూడటం కోసం. జిడ్డు కింద పగులు కనిపించదు. స్టీరింగ్ డ్రాగ్ లింక్, నకిల్, క్రౌన్ పళ్లు, హెడ్డులో వాల్వుల మధ్య జాగా, ఇవన్నీ పగిలే ముందు వెంట్రుకంత గీత చూపిస్తాయి. పగులు చూసే ఎర్ర రంగు స్ప్రే తెచ్చుకున్నా సామాను పొడిగా, జిడ్డు లేకుండా ఉంటేనే అది పనిచేస్తుంది. లోడు మీద ఉన్న బండికి లక్కడ్‌కోట్ దాటాక స్టీరింగ్ లింక్ విరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

పెట్రోల్ గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. నేను పనిచేసిన ఒక షెడ్డులో పదహారేళ్ల పిల్లవాడు పంపు సామాను పెట్రోల్‌లో కడుగుతున్నాడు. వెల్డింగ్ జరిగేది మూడో బండి దగ్గర. అంత దూరం కదా అనుకున్నాం. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది, గుంటలోకి దిగి నిలుస్తుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు అది. మంట వెల్డింగ్ దగ్గర పుట్టి ట్రే దాకా నడిచి వచ్చింది. ఆ పిల్లవాడు ఇప్పుడు రాజురాలో పాన్ డబ్బా నడుపుతున్నాడు. ఎడమ చేతి వేళ్లు పూర్తిగా తెరుచుకోవు.

డీజిల్ అయితే పర్వాలేదు కదా అంటారు. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వదిలే వేడి, 35 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే చాలు. మే నెలలో చంద్రపూర్‌లో నీడలోనే 45 దాటుతుంది. రేకుల షెడ్డు కింద ట్రేలో ఎంత ఉంటుందో మీరే లెక్కేసుకోండి. ఇక పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, ఒక శాతం దాకా ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే సరుకు. సాయంత్రం జిడ్డు వదలడానికి పెట్రోల్‌తో చేతులు కడుక్కుని, అదే చేత్తో రొట్టె తింటున్నాం. 14 ఏళ్ల లోపు పిల్లలను షెడ్డులో పెట్టుకోవడమే నేరం. 18 లోపు వాళ్లను మండే సరుకు దగ్గర కూర్చోబెట్టడమూ చట్టం ఒప్పదు. గ్లవ్స్ ఇస్తే నైట్రైల్‌వి ఇవ్వండి. మామూలు రబ్బరువి డీజిల్‌లో రెండు రోజులకే ఉబ్బి జారిపోతాయి.

ఇదంతా పోయేది ఎక్కడికి? షెడ్డు వెనక నాలాకు, అక్కడి నుంచి వర్ధాకు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన సెపీ (పారిశ్రామిక ప్రాంతాల కాలుష్య సూచిక) లెక్కలో చంద్రపూర్‌కు 83.88 వచ్చింది, దేశంలో నాలుగో స్థానం. పెద్ద పెద్ద చిమ్నీల ముందు మన ట్రేలు ఏపాటివని నవ్వొచ్చు. నవ్వండి. కానీ మా షెడ్డు బోరు నీళ్లలో డీజిల్ వాసన వస్తోంది, అది ఏ చిమ్నీ నుంచీ రాలేదు. కాలిన ఆయిల్‌ను గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. సెంట్రింగ్ పలకలకు పూయడానికి డబ్బాకు ఇంత అని అమ్ముకుంటున్న సంగతి మనందరికీ తెలుసు.

నేను అడిగేది రెండే. ఒకటి లారీ ఓనర్లను. బిల్లులో ‘కడుగుడు’ అని విడిగా ఒక వరస రాయించుకోండి, దానికి కూలి కట్టండి, ఇంజన్ పనికి ఒక రోజు ఎక్కువ ఇవ్వండి. రాయించుకుంటే అడిగే హక్కు మీకు వస్తుంది. ‘లైనర్ తుడిచిన తెల్లగుడ్డ చూపించు’ అని నన్ను నిలదీయొచ్చు. ఇప్పుడు మాత్రం డబ్బులివ్వని పనికి లెక్క అడగలేరు, నేనూ చెప్పను.

రెండోది షెడ్డు సేట్లను. ఒక్కో షెడ్డుకు వేడి నీళ్ల వాషింగ్ మిషన్ కొనడం కుదరదు, తెలుసు. వరసలో ఉన్న పది పన్నెండు షెడ్లు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. బీరువా లాంటి పెట్టె, సామాను లోపల పెట్టి మూస్తే అన్ని వైపుల నుంచీ 60, 70 డిగ్రీల సబ్బు నీళ్లు కొడుతుంది. పక్కన బేరింగులకు మూడు ట్రేలు, చిన్న అల్ట్రాసోనిక్ తొట్టి, మంచి లైటు. పని తెలిసిన ఇద్దరు పెద్దవాళ్లు, సామానుకు ఇంత అని చీటీ. నీళ్లు బయటికి పోయే ముందు మూడు గదుల తొట్టి కట్టాలి, నూనె పైకి తేలితే తీసేయొచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది: ఘాటు సబ్బు వాడితే నూనె నీళ్లలో పాలలా కలిసిపోయి విడిపోదు. నూనెను త్వరగా వదిలేసే రకం అడిగి కొనాలి, కొన్నాక సీసాలో కలిపి ఒక రాత్రి ఉంచి చూడాలి. మిషన్ ధర నేను ఊహించి రాయను, మూడు చోట్ల నుంచి కొటేషన్ తెప్పిద్దాం. ఒక్కో ఇంజన్‌కు పది లీటర్ల డీజిల్ ట్రేలో పారబోస్తున్నాం, తొమ్మిది వందల రూపాయల మాట. నెలకు వరసలో ఎన్ని ఇంజన్లు దిగుతాయో మీ దగ్గర లెక్క ఉంటుంది.

దసరాకు పానాలన్నీ కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోస్తాం. అంత శుభ్రమైన పానాలు మళ్లీ ఏడాదికి గానీ కనిపించవు. అప్పటిదాకా ఆగొద్దు. వచ్చే అమావాస్యకు ఎలాగూ బండ్లు తీయరు. ఆ రోజు పొద్దున పదింటికి మా షెడ్డు తెరిచే ఉంటుంది, చాయ్ నాది. మీరు పారేద్దామనుకున్న హబ్ బేరింగులు రెండు తెండి, ఒకే బండివి అయితే మంచిది. ఒకదాన్ని రోజూ మనం కడిగే ట్రేలో కడుగుతాను, ఇంకోదాన్ని మూడు ట్రేల్లో. రెండింటికీ చెరో చుక్క నూనె వేసి మీ చేతికిస్తాను. చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా తిప్పి వినండి.

ఇట్లు,
బల్లార్‌పూర్ నుంచి ఒక ఇంజన్ మేస్త్రి